డప్పులో బేస్ ఎటు పోయింది? లో-కట్ ఫిల్టర్ అసలు కథ

నేను మీ అక్కన్నపేట పోరడిని. అక్కన్నపేట అంటే రామాయంపేట దగ్గర రైల్వే స్టేషన్ ఉన్న అక్కన్నపేట అనుకునేరు, అది కాదు. హుస్నాబాద్ పక్కన, సిద్దిపేట జిల్లాలో ఉన్న అక్కన్నపేట మండలం మనది. కొత్తగా చూసేటోళ్ల కోసం ఒక్క ముక్క చెప్త. బీటెక్ చదివిన, కొన్నేండ్లు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌గా చేసిన, ఇప్పుడు పూర్తిగా ఈ వీడియోలే. సౌండ్ వెనక ఉన్న లెక్కలను మన భాషలో, మన వాద్యాల మీద పెట్టి చెప్పుడు ఈ ఛానెల్ పని.

ఇయ్యాల ముచ్చట డప్పు. ఇంకా కరెక్ట్‌గా చెప్పాలంటే, డప్పులో ఉండే కింది సౌండ్, మనం బేస్ అంటం కదా, అది మిక్సింగ్‌లో ఎట్ల పోతది అనే ముచ్చట.

ఇప్పుడు ప్రతి మండలంలో ఒకటో రెండో చిన్న స్టూడియోలు ఉన్నయి. ఒక రూము, ఒక ల్యాప్‌టాప్, ఒక మైకు, గోడలకు ఫోమ్. బతుకమ్మ పాటలు, బోనాల పాటలు, పెండ్లి పాటలు అన్నీ అక్కడ్నే తయారైతున్నయి. మంచిదే. కానీ చాలా పాటల్లో ఒకటి గమనించిన్రా? డప్పు ఎదురుంగ కొడ్తే ఛాతిల తాకుతది. అదే డప్పు పాటలో వింటే రేకు డబ్బ మీద పుల్లతో కొట్టినట్టు ఉంటది. టకటక వినవడ్తది, గుమ్మనేది వినవడదు. దానికి ఫోన్ స్పీకర్ ఒక కారణం, నిజమే. కానీ మంచి హెడ్‌ఫోన్ పెట్టి విన్నా గట్లనే ఉంటే, తప్పు ఫోన్‌ది కాదు. మిక్సింగ్ అప్పుడు ఎవరో ఒక బటన్ నొక్కిన్రు. ఆ బటన్ పేరు లో-కట్. ఇంకో పేరు హై పాస్ ఫిల్టర్.

ఇంటర్నెట్ నిండా ఒక సలహా తిరుగుతుంటది. "కిక్ డ్రమ్, బేస్ గిటార్ తప్ప అన్ని ట్రాకుల మీద 100 హెర్ట్జ్ కింద కట్ చేసేయ్, మిక్స్ క్లీన్ అయితది" అని. ఈ సలహా పూర్తిగా తప్పు కాదు. కానీ డప్పు మీద కండ్లు మూసుకుని వాడితే ఏమైతదో ఇయ్యాల లెక్కతో సహా చూద్దాం. హెడ్‌ఫోన్ ఉంటే పెట్టుకోండి. లేకున్నా పర్లేదు, మాటల్లనే చెప్త.

మొదలు అసలు డప్పు దెబ్బలో ఏముంటదో చూద్దాం.

డప్పు అంటే ఒక గుండ్రటి చట్రం, ఒక దిక్కు తోలు, ఇంకో దిక్కు ఖాళీ. రెండు పుల్లలు. కుడి చేతిలో సిర్ర, అది కొంచెం మందంగ ఉంటది. ఎడమ చేతిలో సిటికెన పుల్ల, సన్నగ ఉంటది. సిర్రతో తోలు నడుమ కొడ్తే గుమ్మని నిండుగ వస్తది. సన్న పుల్లతో అంచు దగ్గర కొడ్తే చిట్ చిట్ మని పదునుగ వస్తది. ఈ రెండింటి మధ్య ఆటనే దరువు. పెండ్లి ఊరేగింపుకు ఒక దరువు, జాతరకు ఒక దరువు, సావుకు ఒక దరువు. డప్పు వినంగనే ఊర్లో పెద్దోళ్లు ఇంట్లనే కూసోని చెప్తరు, ఏం జరుగుతుందో. అంటే డప్పు ఒక భాష. ఆ భాషకు అక్షరాలు ఏంటియి? నిండు దెబ్బ, పదును దెబ్బ. ఈ రెండింటికీ ఉన్న తేడా ఎక్కువ శాతం కింది ఫ్రీక్వెన్సీల్లనే ఉంటది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ల ఇక్కడికే వస్తం.

ఫిజిక్స్ ఏం చెప్తదంటే, గుండ్రటి తోలు నడుమ కొడ్తే దాని మూల కంపనం బాగా లేస్తది. అంచు దిక్కు కొడ్తే పై కంపనాలు ఎక్కువ లేస్తయి. తీగ వాద్యమైతే ఈ పై కంపనాలు 2 రెట్లు, 3 రెట్లు, 4 రెట్లు అని లెక్కగ ఉంటయి. ఉత్త తోలుకు గట్ల ఉండవు. మూలం 1 అనుకుంటే తర్వాతవి సుమారు 1.59, 2.14, 2.30 రెట్ల దగ్గర వస్తయి. ఉదాహరణకు మన చేతిలో ఉన్న డప్పు మూల ఫ్రీక్వెన్సీ 110 హెర్ట్జ్ అనుకుందాం. తర్వాతవి సుమారు 175, 235, 253 దగ్గర పడ్తయి. నిజం డప్పు ఈ లెక్కకు కొంచెం అటూ ఇటూ ఉంటది. డప్పు సైజును బట్టి, తోలును బట్టి, కాకను బట్టి 110 అనేది కూడా మారుతది. కానీ ఇయ్యాల మొత్తం ఈ 110నే పట్టుకుని పోదాం.

(ఇక్కడ డప్పు నిండు దెబ్బ ఒకటి, అంచు దెబ్బ ఒకటి, ఏ ఫిల్టర్ లేకుండా.)

విన్నరు కదా. ఇప్పుడు దీని మీద లో-కట్ పెడదాం. 100 హెర్ట్జ్ దగ్గర, ఆక్టేవ్‌కు 12 డీబీ వాలు. వాలు అంటే ఏంది? ఆక్టేవ్ అంటే ఫ్రీక్వెన్సీ సగం అయిన ప్రతిసారి. 100 నుంచి 50కి దిగితే ఒక ఆక్టేవ్, 50 నుంచి 25కి దిగితే ఇంకో ఆక్టేవ్. దిగిన ప్రతి ఆక్టేవ్‌కు ఇంకో 12 డీబీ తగ్గుకుంట పోతది.

చాలామంది ఏమనుకుంటరంటే, "కట్ 100 దగ్గర ఉన్నది, నా డప్పు 110 దగ్గర ఉన్నది, కాబట్టి నా డప్పుకు ఏం కాదు" అని. స్క్రీన్ మీద గీత చూస్తే గట్లనే అనిపిస్తది. కానీ ఫిల్టర్ గోడ కాదు, అది వాలు. మామూలుగా వాడే బటర్‌వర్త్ ఫిల్టర్‌లో కటాఫ్ అంటేనే 3 డీబీ అప్పటికే తగ్గిన చోటు, అంటే పవర్ సగం పోయిన చోటు. 110 దగ్గర లెక్క కడ్తే సుమారు 2.3 డీబీ తగ్గి ఉంటది. కటాఫ్ మీద ఉన్నం అనుకున్న మూల సౌండే చప్పగ అయింది. అదే కటాఫ్ 150 పెట్టినోళ్ల సంగతి మీరే ఆలోచించుకోండి.

సరే, 2 డీబీనే కదా, కొంచెం వాల్యూమ్ పెంచుకుంటే అయిపోతది కదా అంటరు. ఇక్కడ్నే అసలు కథ మొదలైతది. ఈక్యూ అంటే ఒక్కో ఫ్రీక్వెన్సీకి ఒక్కో వాల్యూమ్ బటన్ అనుకుంటం. అది సగం నిజం. మిగిలిన సగం ఏందంటే, మామూలు ఈక్యూ ప్రతి ఫ్రీక్వెన్సీని కొంచెం కొంచెం టైమ్‌లో కూడా జరుపుతది. దీన్నే ఫేజ్ మారుడు అంటరు.

పెండ్లి బారాత్ గుర్తుతెచ్చుకోండి. డప్పు, డాన్స్ చేసే పోరగాండ్లు, పెండ్లికొడుకు బండి, అందరూ ఒక్క దగ్గర ఉంటే అది బారాత్. డప్పు ముందుకు పోయి, డాన్స్ చేసేటోళ్లు చౌరస్తా దగ్గర్నే ఉండి, బండి ఇంకా ఎనక ఉంటే? మనుషులంతా ఉన్నరు, ఒక్కరు తక్కువ కాలే. కానీ బారాత్ పల్చగ అయింది. డప్పు దెబ్బ కూడా గంతే. పుల్ల తాకే చప్పుడు, తోలు లేపే గాలి, చట్రం మోత, అన్నీ ఒకే క్షణంలో కలిసి వస్తేనే అది దెబ్బ. వాటిని కొన్ని మిల్లీసెకన్లు విడదీసినా దెబ్బ మెత్తగ అయితది.

ఇప్పుడు లెక్క. 100 హెర్ట్జ్ దగ్గర 12 డీబీ వాలున్న బటర్‌వర్త్ ఫిల్టర్ కటాఫ్ చుట్టుపక్కల ఫ్రీక్వెన్సీలను సుమారు 2.25 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తది. అదే 24 డీబీ వాలు పెడితే సుమారు 5.9 మిల్లీసెకన్లు. పుల్ల తాకే పై చప్పుడు మాత్రం దాదాపు ఆలస్యం లేకుండ వచ్చేస్తది. అంటే పుల్ల ముందు, తోలు ఎనక.

ఇక్కడ ఒక తమాష ఉన్నది. 24 డీబీ నిటారు వాలు పెడితే మన 110 హెర్ట్జ్ తగ్గేది సుమారు 1.7 డీబీనే. 12 డీబీ వాలు కంటే తక్కువ తగ్గింది. గీత చూస్తే నిటారుదే మంచిగ కనవడ్తది, "కింద ఉన్నది మాత్రమే కోసింది, పైన ముట్టలే" అనిపిస్తది. కానీ టైమ్ లెక్కలో రెండున్నర రెట్లు ఎక్కువ జరిపింది. కంటికి క్లీన్, చెవికి మెత్తన. అందుకే నేను అనేది ఒక్కటే: గీత చూసి మిక్స్ చేయకండి, దెబ్బ విని చేయండి.

(ఇక్కడ ఒకే దెబ్బ మూడు సార్లు: ఫిల్టర్ లేకుండా, 12 డీబీతో, 24 డీబీతో. మూడింటి వాల్యూమ్ సమానం చేసి.)

ఇంకో వింత చూద్దాం. బేస్ కోసేస్తే మీటర్‌లో పీక్ తగ్గాలె కదా? చాలాసార్లు తగ్గుతది. కానీ కొన్నిసార్లు పెరుగుతది. బేస్ తీసేసినం, కానీ మీటర్ ఎర్రగ అయింది. పోరగాండ్లు పరేషాన్ అయితరు, సాఫ్ట్‌వేర్‌లో బగ్ ఉన్నదా అని. బగ్ కాదు. వేవ్‌లో వేర్వేరు ఫ్రీక్వెన్సీలు ఒకదాని మీద ఒకటి పడి కొన్ని చోట్ల ఒకదాన్ని ఒకటి తగ్గించుకుంటుంటయి. ఫిల్టర్ వాటిని టైమ్‌లో జరిపింది కాబట్టి, మునుపు తగ్గించుకున్న చోట ఇప్పుడు కలిసి ఎత్తుగ లేస్తయి. "లో-కట్ పెడితే గ్యారంటీగా జాగ దొరుకుతది" అనే మాట అందుకే ఎప్పుడూ నిజం కాదు. పెట్టినంక మీటర్ చూసుకోవాలె.

ఇప్పుడు రెండు మైకుల ముచ్చట. డప్పుకు ఒక మైకు దగ్గర పెడ్తరు. పాట పాడే అక్క ముందు ఇంకో మైకు ఉంటది. ఒకే రూము కాబట్టి డప్పు ఆ మైకులో కూడా పడ్తది. డప్పుకు రెండో మైకు ఒక మీటరు ఎక్కువ దూరంలో ఉన్నది అనుకుందాం. గాలిలో సౌండ్ వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. కాబట్టి ఒక మీటరుకు 2.9 మిల్లీసెకన్లు. ఆ ఆలస్యానికి 172 హెర్ట్జ్ దగ్గర రెండు మైకుల సౌండ్ సరిగ్గా ఎదురు బొదురు అయితది. ఒకటి నెడ్తుంటే ఇంకోటి గుంజుతది. మన డప్పు రెండో కంపనం ఎక్కడున్నది? 175 దగ్గర. అంటే రెండు ట్రాకులు కలిపేసరికి డప్పు కడుపులో నుంచి ఒక ముక్క మాయం.

దానికి తోడు, డప్పు మైకు మీద ఒక ఫిల్టర్, పాట మైకు మీద ఇంకో రకం ఫిల్టర్ పెడితే, రెండింటి ఫేజ్ రెండు తీర్లుగా మారి, పోయే ముక్క ఇంకో చోటికి జరుగుతది. ఒక్కో ట్రాకు సోలోలో వింటే రెండూ మంచిగనే ఉంటయి. కలిపితే బోలుగ ఉంటది. అందుకే ఒకే డప్పు వినవడే మైకులన్నిటి మీద, వీలైనంత వరకు ఒకే కటాఫ్, ఒకే వాలు పెట్టండి. పొలారిటీ బటన్ ఒకసారి నొక్కి చూడండి, ఏ పక్కకు నొక్కితే డప్పు నిండుగ ఉంటే ఆ పక్కకే ఉంచండి. సోలోలో డప్పును తీర్చిదిద్దకండి, పాటతో కలిపి వినుకుంట చేయండి.

ఇదొక దిక్కు. ఇంకో దిక్కు ఏం చేస్తరంటే, ముందు కోసేస్తరు, తర్వాత "బేస్ లేదు" అని మళ్ల ఈక్యూలోనే 60 హెర్ట్జ్ దగ్గర సన్నగ, ఎత్తుగ ఒక గుట్ట లేపుతరు. సన్నగ అంటే క్యూ విలువ ఎక్కువ. ఈ సన్న గుట్ట గంట లెక్క పని చేస్తది. తాకితే మోగుకుంట ఉంటది. సుమారు లెక్క చెప్త: 60 హెర్ట్జ్ దగ్గర క్యూ 10 ఉన్న ఒక రెసొనెన్స్ 60 డీబీ తగ్గడానికి సుమారు 0.37 సెకన్లు పట్టుతది. క్యూ 1 అయితే 0.04 సెకన్ల లోపే అయిపోతది. ఒక్కో ఈక్యూ కంపెనీ క్యూను ఒక్కో తీరుగ లెక్కిస్తది, అందుకే సుమారు అంటున్న.

ఇప్పుడు తీన్మార్ స్పీడ్ గుర్తుతెచ్చుకోండి. నిమిషానికి 120 బీట్లు అనుకున్నా బీటుకు బీటుకు మధ్య అర సెకను. ఆ అర సెకనులో డప్పు ఒక్క దెబ్బ కాదు, మూడు నాలుగు దెబ్బలు వేస్తది. ఒక్క దెబ్బ మోతనే 0.37 సెకన్లు గుంజితే, తర్వాతి దెబ్బ దాని మీద పడ్తది, ఆ తర్వాతిది దాని మీద. చివరికి దరువు పోయి ఒకటే గుంయ్ మిగుల్తది. డీజే బాక్సుల ముందు నిలబడితే ఛాతి అదురుతది, కానీ ఏ దరువు కొడ్తున్నరో అర్థం కాదు. బేస్ ఎక్కువైంది, డప్పు తక్కువైంది.

రీమిక్స్ చేసేటోళ్లకు ఇంకో మాట. తీన్మార్ రీమిక్సుల్లో డప్పు కింద ఎలక్ట్రానిక్ కిక్ పెడ్తరు. 1980లో రోలాండ్ కంపెనీ తెచ్చిన టీఆర్-808 అనే డ్రమ్ మెషీన్ కిక్ ఉన్నది కదా, పొడుగ్గా సాగే గుమ్ సౌండ్, దాని పోలికలే ఇప్పటికీ అన్ని చోట్ల నడుస్తున్నయి. ఆ కిక్ 50, 60 దగ్గర కూసుంటది. మన డప్పు 110 దగ్గర. ఇద్దరికీ జాగ ఉన్నది, కొట్లాట అవసరం లేదు. కానీ కిక్‌కు జాగ ఇయ్యాలని డప్పును 150 దాకా కోస్తే, పాటలో మోగేది జపాన్ మెషీన్, డప్పు ఉత్త పుల్ల చప్పుడు. మనం కావాల్సింది అదేనా? కోయాల్నంటే కిక్ తోకను కొంచెం పొట్టిగ చేయండి. డప్పు దెబ్బ పడ్డప్పుడు కిక్ జర తగ్గేటట్టు సైడ్‌చెయిన్ పెట్టండి. డప్పును కోసుడు ఆఖరి మార్గం కావాలె, మొదటి మార్గం కాదు.

ఇక్కడ సౌండ్ తెలిసిన తమ్ముడు ఒకరు లేచి అంటరు: "అన్నా, ఫేజ్ మారుడే సమస్య అయితే లీనియర్ ఫేజ్ ఈక్యూ వాడితే అయిపోతది కదా?" మంచి ప్రశ్న. లీనియర్ ఫేజ్ ఈక్యూ అన్ని ఫ్రీక్వెన్సీలను ఒకే అంత ఆలస్యం చేస్తది, అందుకే బారాత్ విడిపోదు. కానీ ఫ్రీగా ఏదీ రాదు. అది పని చేయాల్నంటే ముందు రాబోయే శాంపిళ్లను కూడా చూడాలె. అందుకే ఆడియోను బఫర్‌లో ఆపి, మొత్తం ఆలస్యంగా బయటికి వదుల్తది. సాఫ్ట్‌వేర్ పోరగాండ్లకు ఇది తెలిసిన కథనే. దాని ఫలితం ఏందంటే, మామూలు ఫిల్టర్ మోత దెబ్బ తర్వాత వస్తది, లీనియర్ ఫేజ్ మోత సగం దెబ్బకు ముందే వస్తది. పుల్ల తోలుకు తాకకముందే సన్నగ ఊఁ అని ఒక ఊపు. ప్రకృతిలో ఏ దెబ్బకూ ముందు మోత ఉండదు కాబట్టి చెవి దాన్ని వెంటనే పట్టేస్తది. కిందికి పోయిన కొద్దీ, వాలు నిటారైన కొద్దీ ఇది ఎక్కువైతది. డప్పు, కిక్, డోలు లాంటి దెబ్బ వాద్యాల కింది కట్‌కు ఇది మందు కాదు.

సరే, ఇంతసేపు ఫిల్టర్‌ను తిట్టినట్టు అనిపించొచ్చు. అది కాదు. ఫిల్టర్ అవసరమే. ఆరుబయట రికార్డు చేస్తే మైకుకు గాలి కొడ్తది, పక్కనుంచి ట్రాక్టర్ పోతది, స్టాండుకు ఎవరి కాలో తాకుతది. అదంతా 20, 30, 40 హెర్ట్జ్ దగ్గర చేరుతది. ఫోన్ల వినవడదు. కానీ పెద్ద బాక్సుల మీద అదే గుడుగుడు మని వచ్చి స్పీకర్ కోన్‌ను ఊరికె ఊపుతది, పవర్ తింటది. దాన్ని కోయాల్సిందే. నేను అనేది కోయొద్దని కాదు. మీ డప్పు ఎక్కడ మొదలైతదో చూసి, దానికి బాగా కింద, మెల్లటి వాలుతో కోయండి అని. డప్పు 110 అయితే కటాఫ్ 50 దగ్గర, 12 డీబీ వాలు. లెక్క కట్టి చూడండి, 110 దగ్గర తగ్గేది 0.2 డీబీ కూడా ఉండదు. ట్రాక్టర్ పోతది, డప్పు మిగుల్తది.

ఇప్పుడు మీ అందరి చేతిలో ఉన్న ఫోన్ ముచ్చట. ఫోన్ స్పీకర్ చిటికెన వేలు గోరంత ఉంటది. అంత చిన్న దాంతో 110 హెర్ట్జ్ గాలిని నెట్టుడు కాదు. చాలా ఫోన్లు 200, 300 హెర్ట్జ్ కింద ఇచ్చేది నామమాత్రమే. దానికి తోడు మన చెవి సంగతి ఒకటి. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు లెక్క తేల్చిన్రు, వాల్యూమ్ తగ్గిన కొద్దీ మన చెవికి బేస్ మిగతా వాటికంటే ఎక్కువ తగ్గినట్టు వినవడ్తది అని. రాత్రి ఇంట్లోళ్లు పడుకున్నంక చిన్నగ పెట్టుకుని వింటే బేస్ ఎటు పోయిందా అనిపిస్తది కదా, అది ఇదే.

మరి ఫోన్ల మగోళ్ల గొంతు మగోళ్ల గొంతు లెక్కనే ఎట్ల వినవడ్తది? పాత ల్యాండ్‌లైన్ ఫోన్ 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్యలనే పంపేది. మగ గొంతు మూలం 100 చుట్టుపక్కల ఉంటది, అది పోనే పోదు ఆ తీగలో. అయినా మన నాయన గొంతు నాయన గొంతే. ఎందుకంటే గొంతులో 2 రెట్లు, 3 రెట్లు, 4 రెట్లు అని లెక్కగ పై స్వరాలు ఉంటయి. వాటి మధ్య దూరం చూసి మెదడు లేని మూలాన్ని తానే నింపుకుంటది.

మృదంగం, తబలాకు కూడా ఈ లాభం కొంత ఉన్నది. వాటి తోలు నడుమ నల్లటి పూత ఉంటది కదా, దాని వల్ల పై కంపనాలు లెక్కగ వరుసలోకి వస్తయి. 1920లో సి.వి. రామన్, నోబెల్ రాకముందు పదేండ్ల కింద, ఈ సంగతి మీద నేచర్ పత్రికలో రాసిన్రు. డప్పుకు ఆ పూత లేదు. మనం ముందు చూసినం, 1.59, 2.14, 2.30, ఇవి వరుసలో లేవు. అందుకే మూలం కోసేస్తే మెదడు దాన్ని అంత సులువుగా నింపుకోలేదు. తబలా కొంత తట్టుకుంటది, డప్పు తట్టుకోదు. వేరే వాద్యానికి చెప్పిన సలహా డప్పుకు నడవకపోవడానికి ఇది ఒక పెద్ద కారణం.

అయితే ఫోన్ల వినేటోళ్లకు ఏం చేయాలె? ఈక్యూలో 60, 80 పెంచితే ఫోన్ల ఏం మారదు. లేని చోట ఎంత పోసినా లేదు. దానికి సాచురేషన్ వాడండి. డప్పు ట్రాకును ఇంకో కాపీ చేసి, దాని మీద మెల్లగ సాచురేషన్ పెట్టి, అసలు ట్రాకు కింద కొంచెం కలపండి. 110కి 220, 330, 440 అని కొత్త స్వరాలు పుడ్తయి. అవి వరుసలో ఉంటయి, ఫోన్ స్పీకర్ 330, 440 ఇయ్యగలుగుతది, మెదడు కింద 110ని ఊహించుకుంటది. ఎక్కువ పోస్తే పగిలినట్టు ఉంటది, అందుకే కూరలో ఉప్పు లెక్క. వీటన్నిటికీ అసలు ట్రాకులో 110 బతికి ఉండాలె. ముందే కోసేస్తే సాచురేషన్‌కు కూడా పట్టుకోనీకి ఏం ఉండదు. కాబట్టి ముందు సాచురేషన్, తర్వాత కట్.

ఇప్పుడు చేసే పద్ధతి వరుసగా చెప్త, స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఒకటి. మొదటి ఈక్వలైజర్ ల్యాప్‌టాప్‌లో లేదు, మంట దగ్గర ఉన్నది. డప్పు కాపుతరు కదా, తోలు బిగుసుకుంటది, స్వరం పైకి పోతది. ఎంత కాపాల్నో కొట్టే అన్నకు తెలిసినంత మనకు తెల్వదు. ఆయన సరిపోయింది అన్నంకనే రికార్డు బటన్ నొక్కండి. ఏసీ రూములో గంట సేపు కూసోబెట్టి, తోలు మెత్తవడ్డంక తీస్తే, ఏ ప్లగిన్ దాన్ని తిరిగి తేలేదు. నడుమ నడుమ మళ్ల కాపుకునే టైమ్ ఇయ్యండి.

రెండు. మైకు జాగ. డప్పు ఎనక ఖాళీ కదా, ముందుకు నెట్టిన గాలి, ఎనకకు నెట్టిన గాలి ఎదురెదురు. పక్కన, అంచుకు సమానంగా మైకు పెడితే అవి రెండూ కలిసి బేస్ ఒకదాన్నొకటి తినేస్తయి. తోలుకు ఎదురుంగ పెట్టండి. దగ్గరకు, దూరానికి జరిపి, నిండుగ ఉన్న చోట ఆపండి. ఇది రూపాయి ఖర్చు లేని ఈక్యూ.

మూడు. అనలైజర్ పెట్టి నిండు దెబ్బలు నాలుగు కొట్టించి, అన్నిటికంటే కింద ఉన్న ఎత్తు గుట్ట ఎక్కడుందో చూడండి. అది మీ డప్పు మూలం. కటాఫ్ దానికి సగం దగ్గర, మెల్లటి వాలుతో పెట్టండి.

నాలుగు. ఫిల్టర్ ఆన్, ఆఫ్ చేసి వినేటప్పుడు రెండింటి వాల్యూమ్ సమానం చేయండి. ఏది గట్టిగ ఉంటే అదే మంచిగ ఉన్నదని చెవి మోసపోతది.

ఐదు. మూడు చోట్ల వినండి: హెడ్‌ఫోన్, ఫోన్ స్పీకర్, ఒక పెద్ద బాక్సు. మూడింట్లనూ నిండు దెబ్బ ఏది, అంచు దెబ్బ ఏది అని తేడా తెలవాలె. బేస్ ఎంత ఉన్నది అనేది కాదు పరీక్ష. దరువు చదవొస్తుందా అనేదే పరీక్ష.

ఆరు, అన్నిటికంటే ముఖ్యం. మిక్స్ అయినంక డప్పు కొట్టిన అన్నను పిలిచి వినిపించండి. చాలామంది ఇది చేయరు. పైసలు ఇచ్చి పంపిస్తరు, పాట అప్‌లోడ్ అయినంక ఆయన ఎవరి ఫోన్లనో వింటడు. మాదిగ కుటుంబాలు తరతరాలుగా మోసుకొచ్చిన వాద్యం ఇది. ఒకప్పుడు చిన్నచూపు చూసిన ఊర్లే, తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికల మీద అదే డప్పు మోగితే లేచి నిలబడ్డయి. ఇప్పుడు పెండ్లిళ్లకు డప్పు బదులు డీజే పెట్టుకునే రోజులు. కొట్టే పని తగ్గుతుంది, కొట్టేటోళ్లు తగ్గుతున్నరు. రేపు పుట్టే పిల్లలకు డప్పు అంటే ఏందో తెలిసేది ఈ రికార్డింగుల నుంచే. ఆ రికార్డింగులో నిండు దెబ్బ, అంచు దెబ్బ ఒకే తీరుగ టక్ మని వినవడితే, వాళ్లు నేర్చుకునే భాషలో సగం అక్షరాలు ఉండవు.

అందుకే కట్ చేసిన మిక్స్ పంపినా, కోయని అసలు ట్రాకు ఒకటి దాచి పెట్టండి. హార్డ్ డిస్కులో ఒకటి, ఇంకో చోట ఒకటి. మిక్స్ ఎప్పుడైనా మళ్ల చేసుకోవచ్చు. కోసేసి సేవ్ చేసిన బేస్ మాత్రం తిరిగి రాదు.

ఈ వారం మీకు పని: మీ ఫోన్ల ఉన్న ఏదైనా డప్పు పాట తీసుకుని హెడ్‌ఫోన్ పెట్టి ఒక్క నిమిషం వినండి. సిర్ర దెబ్బ ఏది, సిటికెన పుల్ల దెబ్బ ఏది, వేరు చేసి చెప్పొస్తుందా చూడండి. వస్తే ఆ పాట పేరు, మిక్స్ చేసినోళ్ల పేరు కింద రాయండి, అందరికీ తెలవనీ. రాకపోతే ఎవరినీ తిట్టకండి, ఈ వీడియో పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో ఒగ్గు డోలు తీసుకుందాం. దానికి రెండు దిక్కులా తోలు ఉంటది కాబట్టి మైకుల లెక్క ఇంకో తీరుగ ఉంటది. అప్పటిదాకా ఉంటా మరి. నమస్తే.